బోలు మైక్రో క్యాప్సూళ్లు: కొల్లాయిడోసోమ్, పొరల పద్ధతి, పాలిమర్-ఉప్పు దారి... మీ పనికి ఏది సరిపోతుంది?

నానో కణాలో, పాలిమర్ కణాలో తమంతట తామే చేరి కట్టుకున్న గోడ, లోపల ఖాళీ. సైజు చాలాసార్లు వెంట్రుక మందంలో పదో వంతు కూడా ఉండదు. ఆ ఖాళీలో ఎంజైమ్ పెట్టొచ్చు, మందు పెట్టొచ్చు, సువాసన నూనెను, తుప్పును ఆపే రసాయనాన్ని, చివరికి బతికున్న ఈస్ట్ కణాన్ని కూడా పెట్టొచ్చు. ఎమ్మెస్సీ ప్రాజెక్టుకో పీహెచ్‌డీకో ఈ విషయం ఎంచుకున్నవాళ్లు ఎక్కువగా అడిగే ప్రశ్న "ఏ పద్ధతి మంచిది?" అని. పేపర్లు చదివితే టెన్షన్ ఇంకా పెరుగుతుంది, ఎందుకంటే ప్రతి పేపర్లోనూ తమ పద్ధతే సులువైనదని, చవకైనదని రాసి ఉంటుంది.

నా మాట ఒకటే. పద్ధతి సంగతి తర్వాత చూద్దాం. లోపల పెట్టబోయే వస్తువు ఎంత పెద్దది, అది ఎంతసేపు లోపలే ఉండాలి, ఈ రెండూ ముందు కాగితం మీద రాసుకోండి. సగం పద్ధతులు అక్కడే పక్కకు పోతాయి. క్యాప్సూల్ అందంగా వచ్చిందా లేదా అన్నది ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ చెబుతుంది గానీ, అది పనికొస్తుందా లేదా అన్నది గోడలోని సందులే చెబుతాయి.

## మొదటి కొలబద్ద: సందు ఎంత, సరుకు ఎంత

ఒకే సైజు గుండ్రటి కణాలను ఒకదానికొకటి తగిలేలా ఒకే పొరగా పేర్చారనుకోండి. ప్రతి మూడు కణాల మధ్యా ఒక సందు మిగులుతుంది. ఆ సందులోంచి దూరగలిగే అతి పెద్ద గోళం వ్యాసం, పేర్చిన కణం వ్యాసంలో సుమారు 15.5 శాతం. పదో తరగతి జామెట్రీతో మీరే తేల్చుకోవచ్చు. దాని ప్రకారం 1 మైక్రాన్ (అంటే 1000 నానోమీటర్లు) లేటెక్స్ (గుండ్రటి పాలిమర్) కణాల గోడలో సందు 155 నానోమీటర్లు. 100 నానోమీటర్ల కణాలైతే 15. 20 నానోమీటర్ల సిలికా అయితే 3.

ఇక సరుకు వైపు చూడండి. గ్లూకోజ్ అణువు 1 నానోమీటరుకు కాస్త తక్కువ. రోడమిన్ లాంటి రంగులు 1 నుంచి 1.5 వరకు. సీరం ఆల్బుమిన్ ప్రోటీన్ నీటిలో దాదాపు 7 నానోమీటర్ల గోళంలా కదులుతుంది. యాంటీబాడీ 10, 11 ఉంటుంది. బ్యాక్టీరియా మైక్రాన్ స్థాయిలో, ఈస్ట్ 5 మైక్రాన్ల దగ్గర ఉంటాయి.

ఈ రెండు వరసలనూ పక్కపక్కన పెడితే విషయం తేటతెల్లం. 20 నానోమీటర్ల సిలికాతో చక్కగా పేర్చిన గోడ ప్రోటీన్‌ను ఆపుతుంది, మందు అణువును ఆపదు. 10 మైక్రాన్ల క్యాప్సూల్లో ఉన్న చిన్న అణువు 3 నానోమీటర్ల సందుల్లోంచి బయటికి రావడానికి రోజులు అక్కర్లేదు, సెకన్లు చాలు. పైగా మన లెక్క ఆదర్శ అమరికకు వేసింది. గోళం మీద ప్రతి కణానికీ ఆరు పొరుగులు ఉండేలా పరచడం ఎవరివల్లా కాదు. కనీసం 12 చోట్ల ఐదు పొరుగులే ఉండి తీరాలి, అది గణితం పెట్టిన నియమం. అసలు గోడల్లో అంతకంటే చాలా ఎక్కువ లోపాలుంటాయి. కాబట్టి 15.5 శాతం అన్నది మీకు దక్కే కనిష్ఠ సందు అనుకోవాలి.

మిగతా ప్రశ్నలకు ఇంత లెక్క అక్కర్లేదు గానీ జవాబులు మాత్రం రాసి పెట్టుకోండి. సరుకు నీటిలో కరిగేదా, నూనెలో కరిగేదా? క్యాప్సూల్ చివరికి ఎక్కడ ఉండాలి: నీటిలోనా, రక్తంలా ఉప్పు ఉన్న ద్రావణంలోనా, ఆరిపోయిన పెయింట్ పొరలోనా? అన్నీ ఒకే సైజులో రావాలా, అటూఇటూ అయినా నడుస్తుందా? మీకు కావలసింది మైక్రోస్కోప్ కింద చూడటానికి చిటికెడా, గ్రాములా, టన్నులా? సరుకు ఆర్గానిక్ సాల్వెంట్‌నూ వేడినీ తట్టుకుంటుందా? ఎంజైమ్ పెట్టేవాళ్లకు ఈ చివరి ప్రశ్నే ప్రాణం.

## కొల్లాయిడోసోమ్: నూనె-నీటి సరిహద్దు మీద కణాల గోడ

దీని మూలం పికరింగ్ ఎమల్షన్ (ఎమల్షన్ అంటే నూనె, నీటిలో ఒకటి రెండోదానిలో చుక్కలుగా చెదిరి ఉన్న మిశ్రమం). సబ్బు లాంటిదేమీ లేకుండా, ఘన కణాలే నూనె చుక్కల చుట్టూ చేరి వాటిని కలిసిపోనివ్వకుండా కాపాడతాయని 1903లో రామ్స్‌డెన్, 1907లో పికరింగ్ చూపించారు. 1996లో వెలెవ్, ఫురుసావా, నగయామా ఎమల్షన్ చుక్కలను అచ్చుగా వాడి లేటెక్స్ కణాలతో బోలు గోళాలు కట్టారు. 2002లో హార్వర్డ్‌లో డేవిడ్ వైట్జ్ బృందం 'సైన్స్' పత్రికలో వీటికి కొల్లాయిడోసోమ్ అని పేరు పెట్టింది.

కణం సరిహద్దు మీదకు వచ్చాక ఎందుకు కదలదు? అది కూర్చున్నంత మేర నూనె-నీటి ముఖాముఖి తగ్గుతుంది, ఆ తగ్గిన శక్తే దాన్ని అక్కడ పట్టి ఉంచుతుంది. 20 నానోమీటర్ల వ్యాసం ఉన్న కణం, నూనె-నీటి మధ్య తలతన్యత మీటరుకు 50 మిల్లీన్యూటన్లు, కాంటాక్ట్ యాంగిల్ (కణం నీటివైపు ఎంత, నూనెవైపు ఎంత మునిగిందో చెప్పే కోణం) 90 డిగ్రీలు అనుకుని లెక్క వేస్తే, దాన్ని ఊడదీయడానికి గది ఉష్ణోగ్రత దగ్గరి ఉష్ణశక్తికి 3800 రెట్లు కావాలి. అంటే అది తనంతట తాను ఊడదు. అదే కణానికి కాంటాక్ట్ యాంగిల్ 30 డిగ్రీలైతే ఆ సంఖ్య 70కి పడిపోతుంది. 5 నానోమీటర్ల కణానికి 30 డిగ్రీల దగ్గర మిగిలేది నాలుగు రెట్లే, అది వస్తూ పోతూ ఉంటుంది.

దీన్నిబట్టి ఎంపికకు పనికొచ్చే మాట ఒకటుంది. కణం మరీ చిన్నదైతే సందు తగ్గుతుంది గానీ పట్టు కూడా పోతుంది. పట్టు నిలవాలంటే కణం ఉపరితలాన్ని సరిచేసి కాంటాక్ట్ యాంగిల్‌ను 90 దగ్గరికి తేవాలి. మామూలు సిలికా నీటినే ఇష్టపడుతుంది కాబట్టి దానికి కొంత నూనె గుణం అంటించాలి, లేదా ఆ గుణంతోనే అమ్మే సిలికా కొనాలి.

చుక్క సైజు మీ చేతిలోనే ఉంటుందన్నది ఈ దారిలో నాకు బాగా నచ్చే సంగతి. కణాలు చాలినన్ని లేనప్పుడు, గోడ నిండేదాకా చుక్కలు ఒకదానితో ఒకటి కలిసిపోతూనే ఉంటాయి. నిండగానే ఆగిపోతాయి. అప్పుడు చుక్క వ్యాసం సుమారుగా కణం వ్యాసానికి 3.6 రెట్లను, నూనె ఘనపరిమాణానికీ కణాల ఘనపరిమాణానికీ ఉన్న నిష్పత్తితో గుణిస్తే వస్తుంది. 10 మిల్లీలీటర్ల నూనెకు 20 నానోమీటర్ల సిలికా 0.22 గ్రాములు వేస్తే (ఘనపరిమాణంలో 0.1 మిల్లీలీటరు) 7 మైక్రాన్ల చుక్కలు రావాలి. సిలికాను సగం చేస్తే చుక్క రెట్టింపు. మీ మైక్రోస్కోప్‌లో అంతకంటే చాలా పెద్దవి కనిపిస్తే కొన్ని కణాలు గోడకు చేరకుండా నీటిలోనే ఉండిపోయాయని అర్థం.

ఇంతవరకూ మీ దగ్గర ఉన్నది సున్నం లేకుండా రాళ్లు పేర్చిన గోడే. నూనెను తీసేసినా, లోపలా బయటా నీరే చేసినా అది కూలిపోతుంది. కణాలను ఒకదానికొకటి బిగించాలి, అసలు కష్టం అక్కడే. హార్వర్డ్ బృందం 0.9 మైక్రాన్ల పాలీస్టైరీన్ కణాల గోడను 105 డిగ్రీల సెల్సియస్ దగ్గర వేడిచేసింది. ఆ ప్లాస్టిక్ సుమారు 100 డిగ్రీల దగ్గర మెత్తబడుతుంది కాబట్టి కణాలు తగిలిన చోట అతుక్కున్నాయి. నీరు మరగకుండా సగం గ్లిసరాల్ కలిపారు. 5 నిమిషాల వేడికి సందు 0.15 మైక్రాన్ దగ్గర మిగిలింది, 20 నిమిషాలకు దాదాపు పూడిపోయింది. అంటే గోడలోంచి ఏది పోవాలో గడియారం పట్టుకుని నిర్ణయించుకోవచ్చు. దానికి మూల్యం వేడి. 105 డిగ్రీల దగ్గర ఎంజైమ్ బతకదు. ఎంజైమ్ ఉంటే వేడి జోలికి పోకుండా పాలీఎలక్ట్రోలైట్ (ఆవేశం ఉన్న పాలిమర్) పూతతోనో, రసాయన బంధంతోనో, లోపల జెల్ కట్టించో బిగించాలి.

నీటిలో కరిగే సరుకు ఉన్నవాళ్లకు ఇంకో చిక్కు. చుక్క లోపల నీరు, బయట నూనె ఉంటుంది. చివరికి క్యాప్సూళ్లు నీటిలోకి రావాలి. సెంట్రిఫ్యూజ్‌తో ఆ సరిహద్దు దాటించేటప్పుడు చాలా క్యాప్సూళ్లు చిట్లిపోతాయి. కాస్త డబ్బూ పరికరాలూ ఉంటే దీనికి మంచి మార్గం ఉంది: గాజు కేశనాళికల మైక్రోఫ్లూయిడిక్ (సన్నటి గొట్టాల్లో ద్రవాలను నడిపే) పరికరంలో నీరు-నూనె-నీరు డబుల్ ఎమల్షన్ (నూనె చుక్కలో నీటి చుక్క, బయట మళ్లీ నీరు) చేసి, మధ్యలోని నూనె పొరలో నానో కణాలు ఉంచి, ఆ సాల్వెంట్‌ను ఆవిరి చేయడం. క్యాప్సూళ్లన్నీ దాదాపు ఒకే సైజులో వస్తాయి, సరుకు చాలావరకు లోపలే ఉండిపోతుంది, సరిహద్దు దాటించే పనే ఉండదు. కాకపోతే అవి ఒక్కొక్కటిగా పుడతాయి. గ్రాముల్లో కావాలంటే ఓపిక ఉండాలి.

## పొరల పద్ధతి: అచ్చు మీద కట్టి, అచ్చును కరిగించడం

ముందు ఒక ఘన కణం తీసుకుంటారు. దాని మీద ధనావేశం ఉన్న పాలిమర్ ఒక పొర, ఋణావేశం ఉన్న పాలిమరో నానో కణాలో ఒక పొర, ఇలా మార్చి మార్చి వేస్తారు. చివర్లో లోపలి అచ్చును కరిగించేస్తారు. చదునైన పలకల మీద ఈ ఆలోచనను ఐలర్ 1966లోనే కొల్లాయిడ్ కణాలతో చూపాడు. 1990ల మొదట్లో డెషర్ పాలిమర్లతో దాన్ని నిలబెట్టాడు. 1998లో జర్మనీలోని మాక్స్ ప్లాంక్ కొల్లాయిడ్స్ సంస్థలో మోవాల్డ్ దగ్గర పనిచేసినవాళ్లు దాన్ని గోళాల మీదకు తెచ్చారు. కారూసో, మోవాల్డ్ తదితరులు 640 నానోమీటర్ల పాలీస్టైరీన్ మీద సిలికా నానో కణాలనూ పాలిమర్‌నూ పొరలుగా వేసి, సుమారు 500 డిగ్రీల దగ్గర కాల్చి, సిలికా బోలు గోళాలు తీశారు.

గోడ మీద మీకు ఇంత అదుపు ఇచ్చే దారి ఇంకోటి లేదు. పొర మందం కొన్ని నానోమీటర్లు, ఎన్ని పొరలో మీ ఇష్టం, ఏ పొరలో బంగారం, ఏ పొరలో ఇనుప ఆక్సైడ్ అన్నదీ మీ ఇష్టం. క్యాప్సూల్ సైజు అచ్చు సైజే కాబట్టి అన్నీ ఒకేలా వస్తాయి. వివరంగా గోడ గురించే అధ్యయనం చేసేవాళ్లు ఇంకేమీ ఆలోచించకుండా దీన్నే తీసుకోవచ్చు.

అయితే పని భారం సంగతి పేపర్లలో కనిపించదు. ప్రతి పొరకూ 15, 20 నిమిషాలు పాలిమర్‌లో ఉంచడం, తర్వాత మూడుసార్లు సెంట్రిఫ్యూజ్ చేసి కడగడం. ఒక్కో పొర దాదాపు గంట. ఎనిమిది పొరలంటే పొద్దున మొదలుపెడితే రాత్రి దాకా. ప్రతి వాష్‌లో 3 శాతం కణాలు పోయాయనుకున్నా 24 వాష్‌లయ్యేసరికి సగమే మిగులుతాయి. కడగడం తగ్గిద్దామంటే మిగిలిపోయిన పాలిమర్ తర్వాతి పాలిమర్‌తో కలిసి కణాలన్నిటినీ ముద్ద చేసేస్తుంది. ప్రతి పొర తర్వాత జీటా పొటెన్షియల్ (కణం ఉపరితల ఆవేశాన్ని సూచించే కొలత) గుర్తు ప్లస్ నుంచి మైనస్‌కు, మళ్లీ ప్లస్‌కు మారుతోందో లేదో చూసుకోవాలి. ఒక పొర దగ్గర గుర్తు మారలేదంటే ఆగిపోవాలి, ముందుకు వెళ్లి లాభం లేదు.

అచ్చు ఎంపిక కూడా పెద్ద నిర్ణయమే. పాలీస్టైరీన్ కరగాలంటే టెట్రాహైడ్రోఫ్యూరాన్ లాంటి ఆర్గానిక్ సాల్వెంట్ కావాలి. మెలమైన్ ఫార్మాల్డిహైడ్ గట్టి ఆమ్లంలో కరుగుతుంది గానీ దాని ముక్కలు గోడలోనే చిక్కుకుంటాయి. సిలికా అచ్చు ముచ్చటగా ఉంటుంది కానీ కరిగించడానికి హైడ్రోఫ్లోరిక్ యాసిడ్ కావాలి. దయచేసి ఈ మాట మనసుకు పట్టించుకోండి: ఆ యాసిడ్ చర్మం మీద పడితే మొదట్లో నొప్పి కూడా తెలియకపోవచ్చు, లోపలికి దిగి ఒంట్లోని కాల్షియాన్ని లాగేస్తుంది, ప్రాణాలు పోయిన సందర్భాలున్నాయి. ల్యాబ్‌లో కాల్షియం గ్లూకోనేట్ జెల్, సరైన గ్లవ్స్, వాడటం తెలిసిన సీనియర్ పక్కన లేకపోతే సిలికా అచ్చు వద్దే వద్దు.

వీటన్నిటికంటే మెత్తని అచ్చు కాల్షియం కార్బొనేట్. కాల్షియం క్లోరైడ్, సోడియం కార్బొనేట్ ద్రావణాలను, చెరొకటీ 0.33 మోలార్, సమానంగా తీసుకుని అర నిమిషం గట్టిగా కలిపితే 3 నుంచి 5 మైక్రాన్ల గుండ్రటి వాటరైట్ (కాల్షియం కార్బొనేట్ స్ఫటిక రూపాల్లో ఒకటి) కణాలు వస్తాయి. ఒళ్లంతా సూక్ష్మ రంధ్రాలే కాబట్టి ప్రోటీన్‌ను ముందే పీల్చుకుంటాయి. చివర్లో తటస్థ పిహెచ్ దగ్గర కాల్షియాన్ని పట్టుకునే ఈడీటీఏ అనే రసాయనంతోనే కరిగిపోతాయి. ఎంజైమ్ ఉన్నవాళ్లకు ఇంతకంటే భద్రమైన అచ్చు నాకు తెలియదు. ఒక్కటే జాగ్రత్త: వెంటనే కడిగి ఆరబెట్టండి. నీటిలో అలాగే వదిలేస్తే వాటరైట్ కాల్సైట్ అనే మరో రూపంగా మారిపోతుంది. మైక్రోస్కోప్ కింద గుండ్రటి కణాల మధ్య పలకలు తేలిన దిమ్మలు కనపడటం మొదలైతే ఆ బ్యాచ్ పనికిరాదు.

సందుల సంగతి? పాలిమర్ పొరలు అల్లుకుని ఉంటాయి కాబట్టి కణాల గోడకంటే సందు చిన్నదే. పెద్ద ప్రోటీన్లను బాగా ఆపుతుంది. పిహెచ్‌ను బట్టి తెరుచుకునేలా, మూసుకునేలా కూడా చేయొచ్చు: పాలీస్టైరీన్ సల్ఫొనేట్, పాలీ అలైల్ అమైన్ జంట గోడ ఆమ్ల పిహెచ్‌లో డెక్స్‌ట్రాన్ అనే చక్కెర గొలుసుల పాలిమర్‌ను లోపలికి రానిచ్చి, 8 దాటాక రానివ్వదు. కానీ ఉప్పులు, చక్కెరలు, చిన్న మందు అణువులు మాత్రం దీంట్లోంచి కూడా పోతాయి.

## పాలిమర్-ఉప్పు దారి: నిమిషాల్లో అయిపోయే పని

మన విద్యార్థుల్లో దీని గురించి తెలిసినవాళ్లు తక్కువ, అందుకే కాస్త నిలిచి చెబుతాను. అమెరికాలో హ్యూస్టన్ నగరంలోని రైస్ యూనివర్సిటీలో మైకేల్ వాంగ్ బృందం 2000ల మధ్యలో దీన్ని వివరంగా పరిశీలించింది. పాలీ అలైల్ అమైన్ లాంటి ధనావేశపు పాలిమర్‌ను నీటిలో కరిగించి, దానికి సిట్రేట్ గానీ ఫాస్ఫేట్ గానీ కలుపుతారు. రెండు మూడు ఆవేశాలున్న ఆ ఋణ అయాన్లు పాలిమర్ గొలుసులను దగ్గరికి లాగుతాయి. తేటగా ఉన్న ద్రావణం చూస్తుండగానే పాలలా మారుతుంది. ఆ తెలుపంతా పాలిమర్-ఉప్పు చుక్కలే. వాటికి ఋణావేశం ఉన్న సిలికా నానో కణాలు, పది పన్నెండు నానోమీటర్లవి, కలిపితే అవి చుక్కల అంచులో చేరి, పాలిమర్‌తో పెనవేసుకుని గోడ కడతాయి. నూనె లేదు, సాల్వెంట్ లేదు, వేడి లేదు, కరిగించాల్సిన అచ్చూ లేదు.

సైజు పట్టుకోవడానికి మీకు రెండు పిడులున్నాయి. ఒకటి, ఉప్పు ఆవేశానికీ పాలిమర్ ఆవేశానికీ నిష్పత్తి. అది చాలకపోతే చుక్కలే పుట్టవు. రెండోది, సిలికా కలపబోయే ముందు ఎంతసేపు ఆగారన్నది. ఆగినకొద్దీ చుక్కలు కలిసి పెరుగుతాయి. త్వరగా సిలికా వేస్తే చిన్న క్యాప్సూళ్లు, ఆలస్యంగా వేస్తే పెద్దవి. కాబట్టి స్టాప్‌వాచ్ పెట్టుకుని, ప్రతిసారీ ఒకే వేగంతో కలుపుతూ చేయండి. ఒకరు ఊపి, ఒకరు స్టిర్రర్ మీద పెడితే ఫలితాలు కలవవు.

సరుకు ఎక్కించడం ఇందులో సహజంగా జరిగిపోతుంది. ఋణావేశం ఉన్న రంగు, ప్రోటీన్, డీఎన్‌ఏ లాంటివి మొదటే కలిపితే పాలిమర్‌కు అంటుకుని చుక్కలోకి చేరతాయి. శరీరం లోపలి చిత్రాలకు వాడే ఇండోసయనిన్ గ్రీన్ రంగును రైస్ బృందం పాలీ అలైల్ అమైన్-ఫాస్ఫేట్ చుక్కల్లో ఇలాగే పట్టి ఉంచింది. ఇక్కడ చిన్న అణువును ఆపేది సందు కాదు, ఆవేశపు బంధం. గోడలోంచి కారిపోయే సరుకును లోపలి పాలిమరే పట్టుకుని ఉంటుంది. చిన్న అణువులకు కణాల గోడ చాలదని పైన చూశాం కదా, దానికి చవకైన జవాబు ఇదే.

బలహీనతలు కూడా అంతే స్పష్టంగా చెప్పాలి. సైజుల్లో తేడా ఎక్కువ, అచ్చు పద్ధతితో పోల్చడానికే లేదు. లోపల పూర్తిగా బోలుగా ఉందా, పాలిమర్ జెల్ మిగిలిందా అన్నది ప్రతిసారీ తేల్చుకోవాలి. కట్టి ఉంచేవి ఆవేశాలే కాబట్టి పిహెచ్ బాగా పెరిగితే అమైన్ తన ఆవేశం కోల్పోతుంది, 3 కిందికి వెళ్తే సిట్రేట్ కోల్పోతుంది, ఉప్పు ఎక్కువైతే రెండూ నీరసపడతాయి. శరీరంలోని ఉప్పు స్థాయిలో వాడాలనుకుంటే గోడకు గ్లుటరాల్డిహైడ్ లాంటిదానితో అదనపు బంధం వేయాల్సి రావచ్చు. పైగా పాలీ అలైల్ అమైన్ జీవకణాలకు హాని చేస్తుంది. జీవసంబంధ ప్రయోగాలైతే పాలీ లైసిన్ వైపు చూడండి, ఖర్చు మాత్రం బాగా పెరుగుతుంది.

## పాలిమరోసోమ్, బోలు లేటెక్స్: క్లుప్తంగా

పాలిమరోసోమ్ గోడలో కణాలుండవు. ఒక చివర నీటిని ఇష్టపడే, మరో చివర నూనెను ఇష్టపడే బ్లాక్ కోపాలిమర్ అణువులే రెండు వరసలుగా చేరి గోడ అవుతాయి. 1999లో డిషర్, హామర్ తదితరులు 'సైన్స్'లో వివరించినవాటి గోడ మందం 8 నానోమీటర్లు. జీవకణాల పొరల్లో ఉండే లిపిడ్ గోడకంటే ఎంతో గట్టివి, నీటిని కూడా కనీసం పది రెట్లు తక్కువగా పోనిస్తాయి. సందులు పూడ్చే పని లేకుండా చిన్న అణువును నిజంగా గోడతోనే ఆపాలంటే ఈ వరసలో ఇదొక్కటే. పాలిమర్ ఖరీదు, లోపలికి ఎక్కే సరుకు తక్కువ కావడం దీని ఇబ్బందులు. నూనె గుణం ఉన్న అతి చిన్న నానో కణాలను ఆ గోడ మధ్యలో ఇరికించి అయస్కాంతానికో వెలుగుకో స్పందించేలా చేయొచ్చు.

బోలు లేటెక్స్ వేరే లోకం. 1980ల నుంచి పెయింట్ పరిశ్రమ వాడుతున్న వస్తువు. లోపల ఆమ్లపు పాలిమర్, బయట పాలీస్టైరీన్ ఉన్న కణాన్ని క్షారంతో ఉబ్బిస్తారు. పెయింట్ ఆరాక లోపలి నీరు పోయి గాలి మిగులుతుంది, ఆ గాలి బుడగ వెలుగును చెదరగొట్టి తెలుపునిస్తుంది. టైటానియం డయాక్సైడ్ వాడకం తగ్గుతుంది. టన్నుల్లో కావాలనేవాళ్లు మిగతావన్నీ వదిలి దీన్నే చదవాలి.

## పక్కపక్కన పెడితే

| ప్రశ్న | కొల్లాయిడోసోమ్ | పొరల పద్ధతి | పాలిమర్-ఉప్పు దారి | పాలిమరోసోమ్ |
|---|---|---|---|---|
| మామూలు సైజు | కొన్ని మైక్రాన్ల నుంచి వందల మైక్రాన్లు | అచ్చు ఎంతో అంత | సుమారు 1 నుంచి కొన్ని మైక్రాన్లు | 100 నానోమీటర్ల నుంచి పదుల మైక్రాన్లు |
| సైజులో ఏకరూపత | మామూలుగా మధ్యస్థం, మైక్రోఫ్లూయిడిక్స్‌తో చాలా బాగు | చాలా బాగు | తక్కువ | పద్ధతిని బట్టి |
| చిన్న అణువును ఆపడం | గోడ పూడిస్తే తప్ప ఆపదు | ఆపదు | ఆవేశం ఉన్నవాటిని లోపలి పాలిమర్ పట్టుకుంటుంది | ఆపుతుంది |
| ప్రోటీన్‌ను ఆపడం | చిన్న కణాలతో ఆపుతుంది | ఆపుతుంది | ఆపుతుంది | ఆపుతుంది |
| నూనె లేదా సాల్వెంట్ అవసరం | ఉంది | అచ్చును బట్టి | లేదు | తరచుగా ఉంది |
| ఒక బ్యాచ్‌కు పట్టే సమయం | కొన్ని గంటలు | రోజంతా, లేదా అంతకు మించి | గంట లోపు | గంటల నుంచి రోజుల వరకు |
| ఎక్కువ మొత్తంలో చేయడం | నూనె సరుకైతే సులువు | కష్టం | సులువు | కష్టం, ఖరీదు |
| ప్రధాన భయం | బిగించేటప్పుడు కూలడం | కణాలు ముద్దకట్టడం | ఉప్పు, పిహెచ్ మార్పులు | సరుకు తక్కువ ఎక్కడం |

## మీ పనిని బట్టి

సువాసన నూనె, పురుగుమందు, నూనెలో కరిగే ఏదైనా. కొల్లాయిడోసోమ్. లోపల నూనె, బయట నీరు ఎలాగూ మీకు కావలసిందే, సరిహద్దు దాటించే గొడవ లేదు. నూనె అణువు కూడా చిన్నదే కాబట్టి గోడ పైన ఇంకో పాలిమర్ పూత వేసే ఆలోచన మొదటే పెట్టుకోండి.

ఎంజైమ్. కాల్షియం కార్బొనేట్ అచ్చు మీద పొరల పద్ధతి. ఎంజైమ్ లోపలే ఉంటుంది, అది పనిచేసే చిన్న అణువు లోపలికి వచ్చి, మారి, బయటికి పోతుంది. గోడలోని సందులు మందు పెట్టేవాళ్లకు శత్రువులైతే మీకు నేస్తాలు. టైమ్ లేకపోతే, మీ ఎంజైమ్ పని చేసే పిహెచ్‌లో దానికి ఋణావేశం ఉంటే, పాలిమర్-ఉప్పు దారి ముందు ప్రయత్నించండి. ఒక మధ్యాహ్నంలో తేలిపోతుంది.

చిన్న మందు అణువు, వారాల తరబడి లోపల ఉండాలి. కణాల గోడల మీద ఆశ పెట్టుకోకండి. పాలిమరోసోమ్ తీసుకోండి, లేదా మందుకు ఋణావేశం ఉంటే లోపలి పాలిమర్‌తో పట్టించండి. పొరల పద్ధతిలో మందు ఎక్కించి, కడిగేసరికి అంతా పోయిందని బాధపడే విద్యార్థులు ప్రతి ఏడాదీ కనిపిస్తారు. తప్పు వాళ్ల చేతిది కాదు, ఎంపికది.

బతికున్న కణాలు. ఈస్ట్‌కు, బ్యాక్టీరియాకు ఆహారం లోపలికి రావాలి, అవి బయటికి రాకూడదు. 155 నానోమీటర్ల సందులైనా చక్కగా సరిపోతాయి. పెద్ద లేటెక్స్ కణాలతో, వేడి లేకుండా బిగించిన, లోపల జెల్ ఉన్న కొల్లాయిడోసోమ్ మీకు తగినది.

ఉత్ప్రేరకానికి సిలికా బోలు గోళాలు. చివరికి కాల్చేస్తారు కాబట్టి పాలిమర్లు ఎలాగూ పోతాయి. అన్నీ ఒకే సైజులో కావాలంటే పాలీస్టైరీన్ అచ్చు, గ్రాములు కావాలంటే పాలిమర్-ఉప్పు దారి.

ఆరు నెలల ఎమ్మెస్సీ ప్రాజెక్టు. పాలిమర్-ఉప్పు దారితో మొదలుపెట్టండి. జీటా పొటెన్షియల్, ఆప్టికల్ మైక్రోస్కోప్, పిహెచ్ మీటర్ చాలు, మొదటి వారంలోనే చేతిలో ఏదో ఒకటి కనిపిస్తుంది. నిష్పత్తి, ఆగిన సమయం, ఉప్పు, ఈ మూడింటినీ మార్చుతూ పోతే థీసిస్‌కు సరిపడా గ్రాఫులు వస్తాయి. పొరల పద్ధతి నేర్చుకోవడానికే రెండు మూడు నెలలు పడుతుంది.

## నిర్ణయించుకున్నాక, ఖర్చు పెట్టకముందు

ఏ దారి పట్టినా మొదటి బ్యాచ్‌ను అసలు సరుకుతో చేయకండి. ఖాళీ క్యాప్సూళ్లు చేసి, బయటి నీటిలో ఫ్లోరెసెంట్ డెక్స్‌ట్రాన్ కలిపి, కన్‌ఫోకల్ మైక్రోస్కోప్‌లో చూడండి. 4 కిలోడాల్టన్ల డెక్స్‌ట్రాన్ సుమారు 3 నానోమీటర్లు, 70 కిలోడాల్టన్లది 12 నానోమీటర్ల దగ్గర ఉంటుంది. బయట వెలుగు, లోపల చీకటి కనిపిస్తే ఆ సైజును గోడ ఆపుతోంది. రెండు వైపులా వెలుగు వస్తే పోనిస్తోంది. మధ్యస్థమైన డెక్స్‌ట్రాన్లతో ఇదే చేస్తే మీ గోడ సందు ఎంతో రెండు రోజుల్లో తెలుస్తుంది. దాన్ని మీ సరుకు సైజు పక్కన రాసుకోండి.

ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ బొమ్మలు చూసి కంగారు పడకండి. పాలిమర్ పొరల క్యాప్సూళ్లు ఆరితే ముడతలు పడి చదునుగా పడిపోతాయి, అవి బోలుగా ఉన్నాయనడానికి అదే రుజువు. మందమైన సిలికా గోడ ఉన్నవి ఆరినా గుండ్రంగానే నిలుస్తాయి, అప్పుడు కొన్నిటిని స్లైడ్ల మధ్య నలిపి, పగిలిన పెంకులు కనిపిస్తున్నాయా లేక నిండు గోళాలు ముక్కలయ్యాయా అని చూడాలి. ఆ తర్వాత క్యాప్సూళ్లను చివరికి ఏ ద్రావణంలో వాడబోతున్నారో సరిగ్గా ఆ ఉప్పు, ఆ పిహెచ్‌లో ఒక రాత్రంతా ఉంచి, పొద్దున మళ్లీ మైక్రోస్కోప్ కింద పెట్టండి. అప్పటికీ గుండ్రంగా, విడివిడిగా ఉంటే ఖరీదైన సరుకు ఆర్డర్ పెట్టొచ్చు.